కలిగిన ఊరు – ఆరోగ్య బీమా
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ సభలో మాటలాడువారు గ్రంథాలయోద్యమమును తలచుకొనుట సంప్రదాయము. 1914 ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగిన సంగతియు, అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషియు నాకు ముందు మాటలాడినవారు చక్కగా వివరించినారు. కనుక నేను ఆ దారిని మరల త్రొక్కను. కార్యదర్శిగారు నాకు ఒప్పగించిన విషయము ఆరోగ్య బీమా. పుస్తకముల పండుగలో ఆసుపత్రుల మాట ఏల అని కొందరికి తోచవచ్చును. ఉదయము పత్రికల బల్లచుట్టు కూర్చున్నవారిని ఒకమారు చూడుడు. నూటికి ఎందరు తల నెరిసినవారో లెక్కింపుడు. ఈ విషయము ఇచ్చట ఏల అను ప్రశ్నకు ఆ బల్లయే సమాధానము చెప్పును.

మరియొక పోలిక కూడ కలదు. ఈ గ్రంథాలయము వయస్సును, మన దేశమున నేడు మనము చూచుచున్న బీమా వ్యాపారము వయస్సును దాదాపు ఒక్కటే. ఆసుపత్రి ఖర్చులకు మెడిక్లెయిము అను పాలసీ 1986 లోనే ప్రభుత్వ సంస్థల ద్వారా వచ్చినది గాని, అది పట్టణములలో కొందరికే తెలిసిన వస్తువు. 1999 లో బీమా నియంత్రణ చట్టము వచ్చి, మరుసటి ఏట ప్రైవేటు కంపెనీలకు ద్వారములు తెరచిన తరువాతనే ఏజెంట్లు పల్లెలకు రాసాగినారు. ఈ పాతికేండ్లలో మనము పుస్తకములు చదువ నేర్చినంతగా పాలసీలు చదువ నేర్చినామా అనునది సందేహమే.

విడవలూరు ప్రాంతమును కలిగినవారి సీమ అందురు. ఆ పేరు ఊరక రాలేదు. 19వ శతాబ్దమున నెల్లూరు వద్దను, సంగము వద్దను పెన్నపై కట్టిన ఆనకట్టలు ఈ డెల్టాకు అన్నము పెట్టినవి. 2022 సెప్టెంబరులో ఆ రెండు చోట్లను క్రొత్త బ్యారేజీలు ప్రారంభమైనవి. నీరు అందిన ఏట మాగాణి కయ్యలలో పుట్టికి పుట్టి పండును. సముద్రము వైపునకు పోయిన, 1990 తరువాత వరికయ్యలు రొయ్యల గుంటలైనవి. ఆ గుంటలలో మేడలు కట్టినవారును కలరు, మేడలు అమ్ముకొన్నవారును కలరు. 1994 ప్రాంతమున తెల్లమచ్చ తెగులు వచ్చినప్పుడు ఒక్క పంటతో కుటుంబములు తల్లక్రిందులైన సంగతి ఇచ్చటి పెద్దలకు నేను చెప్పవలసిన పని లేదు. 2009 లో వనామి రకము వచ్చిన పిదప మరల కొంత నిలద్రొక్కుకొన్నారు. ఈ చరిత్ర ఏల చెప్పుచున్నాననగా, ఆపద అనునది ఎట్లుండునో ఈ ఊరికి క్రొత్తగా బోధింపనక్కరలేదు. గుంట దెబ్బతినును, తుపాను వచ్చును, ధర పడిపోవును అని ముందే లెక్కవేసికొని బ్రతుకు రైతులు వీరు. ట్రాక్టరుకు బీమా కట్టుదురు, మోటారు సైకిలుకు కట్టుదురు, కొందరు పంటకును కట్టుదురు. ఆ ట్రాక్టరును నడపు మనిషికి మాత్రము కట్టరు.

కలిగిన ఊరు అన్నాను గాని, ఊరంతయు కలిగినది కాదు. సముద్రపు ఒడ్డున పట్టపు కుప్పములున్నవి, దళితవాడలున్నవి, యానాది సంఘములున్నవి. నేను చెప్పబోవు వింతకు ఈ భేదమే మూలము. ఆ వింత యేమనగా, ఆసుపత్రి ఖర్చు విషయమున ఈ ఊరిలో రక్షణ తక్కువగా ఉన్నది పలుమార్లు పేదవానికి కాదు, పది మంది చేత మర్యాద పొందు రైతు దంపతులకు.

అది ఎట్లో వివరింతును. 2007 ఏప్రిలు 1వ తేదీన ఆరోగ్యశ్రీ పథకము మహబూబునగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలై, 2008 నాటికి రాష్ట్రమంతట వ్యాపించినది. ప్రభుత్వములు మారినప్పుడెల్ల దాని పేరు మారినది. ఎన్‌.టి.ఆర్‌. వైద్య సేవ అన్నారు, వై.ఎస్‌.ఆర్‌. ఆరోగ్యశ్రీ అన్నారు, 2024 లో మరల డాక్టరు ఎన్‌.టి.ఆర్‌. వైద్య సేవ అన్నారు. పేరుతో మనకు పని లేదు. గుండె ఆపరేషను, మూత్రపిండముల వ్యాధి, క్యాన్సరు వంటి పెద్ద జబ్బులకు బియ్యపు కార్డు గల కూలివాడు నగదు లేకుండ ఆసుపత్రి మెట్లెక్కగలుగుట మన కాలమున జరిగిన గొప్ప మార్పు. 2019 నవంబరు నుండి హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై నగరములలోని కొన్ని ఆసుపత్రులలో కూడ ఆ సౌకర్యము కల్పించినారు. చెన్నపట్నము దారి ఎరిగిన నెల్లూరు జిల్లావారికి అది చిన్న మేలు కాదు.

ఇక ప్రభుత్వోద్యోగికి, పింఛనుదారునకు ఉద్యోగుల ఆరోగ్య పథకము కలదు. నెలకు రూ. 21,000 లోపు జీతము గల ఫ్యాక్టరీ కార్మికునకు ఇ.ఎస్‌.ఐ. కలదు. రొయ్యలను శుద్ధిచేయు ఫ్యాక్టరీలలో పనిచేయు ఆడపిల్లలు పలువురు దాని క్రిందికి రాదగినవారే. ఇ.ఎస్‌.ఐ. చట్టము 1948 నాటిది.

మిగిలినవారెవరు? అటు పేద కాదు, ఇటు ఉద్యోగి కాదు. సొంత భూమి గల రైతు, గుంటలవాడు, మిల్లువాడు, ఎరువుల కొట్టువాడు, బట్టల దుకాణము యజమాని. ప్రణాళికా సంఘము స్థానమున ఏర్పడిన నీతి ఆయోగ్‌ 2021 అక్టోబరులో ఒక నివేదికను వెలువరించినది. దేశ జనాభాలో నూటికి సుమారు 30 మందికి, అనగా 40 కోట్ల మందికి, ఏ ఆరోగ్య రక్షణయు లేదనియు, వారు పేదలకును సంఘటిత రంగమువారికిని నడుమ జారిపోయినవారనియు అందు వ్రాసినారు. ఆ నివేదికలో విడవలూరు పేరు లేదు గాని, అది చదువుచున్నప్పుడు ఇచ్చటి వీధులే నాకు కంటికి కట్టినవి.

ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఆరోగ్యశ్రీ తెల్లకార్డువారికే గదా అని మనలో చాలమంది తలచుచున్నారు. 2019 లో ఆ నియమమును సడలించినారు. ఏడాదికి రూ. 5 లక్షల లోపు ఆదాయము గల కుటుంబములను, మాగాణి 12 ఎకరముల లోపు గలవారిని, మెట్టతో కలిపి 35 ఎకరముల లోపు గలవారిని, ఒక కారు ఉన్నను సరే, అర్హులని ఉత్తరువు ఇచ్చినారు. 12 ఎకరముల మాగాణి అనగా మన ప్రాంతమున ఎంతటి మర్యాదయో మీకు తెలియును. అంతటి రైతు కూడ అర్హుడైయుండి, కార్డు తీసికొనుట నామోషీ అనుకొని, ఆపద వేళ రొక్కము కట్టిన సందర్భములున్నవి. అర్హతను వాడుకొనుట యాచన కాదు, ఆ నిధికి పన్ను కట్టినవారిలో మనమును ఉన్నాము. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గము ఇంకొక అడుగు ముందుకు వేసినది. ఆదాయ భేదము లేక అన్ని కుటుంబములకు రూ. 2.5 లక్షల వరకు బీమా కంపెనీ ద్వారాను, పేదలకు ఆపైన రూ. 25 లక్షల వరకు ట్రస్టు ద్వారాను వైద్యము కల్పించు విధానమును ఆమోదించినది. అందు తమ కుటుంబమునకు చోటెచ్చటనో గ్రామ సచివాలయమున విచారించుకొనుడు. విచారించుటకు రుసుము లేదు.

డెబ్బది దాటినవారికి వేరొక మేలు కలిగినది. 2018 సెప్టెంబరు 23న మొదలైన ఆయుష్మాన్‌ భారత్‌ పథకము పేదలకే ఉద్దేశింపబడినది. 2024 అక్టోబరు 29 నుండి 70 ఏండ్లు నిండిన ప్రతి పౌరునకు, కోటీశ్వరుడైనను సరే, ఏటికి రూ. 5 లక్షల వరకు ఆసుపత్రి వైద్యమును ఆ పథకము క్రింద చేర్చినారు. ఆధారులోని వయస్సే దానికి ఆధారము. ఈ సభలో 70 నిండినవారు చాలమంది కనబడుచున్నారు. ఆ వయోవందన కార్డు చేతనున్నవారెందరు? చేతులెత్తవలదు, ఇంటికి పోయి పెట్టె చూచుకొనుడు.

ఇప్పుడు జనాభా లెక్క. బీమాకును జనాభాకును ఏమి సంబంధమందురా? వయస్సుల పొందికయే బీమాకు ప్రాణము. మన రాష్ట్రమున ఒక స్త్రీకి సగటున పుట్టు బిడ్డల సంఖ్య 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 1.7 అని తేలినది. దేశపు సగటు అప్పుడు 2. జనాభా నిలకడగా ఉండవలెనన్న 2.1 కావలెను. స్వాతంత్ర్యము వచ్చిన నాడు మన దేశమున సగటు ఆయుర్దాయము సుమారు 32 ఏండ్లు, నేడు సుమారు 70. ఆంధ్రప్రదేశమున 60 దాటినవారు 2021 నాటికి నూటికి 12 మందికి పైబడుదురని అంచనా వేసినారు. ఇద్దరికంటె ఎక్కువ బిడ్డలు గలవారు స్థానిక ఎన్నికలలో పోటీచేయరాదని 1994 లో చేసిన నియమమును 2024 లో రాష్ట్ర శాసనసభ తీసివేసినది. ముప్పదియేండ్ల క్రితము ఎక్కువ మంది పుట్టుచున్నారని భయపడిన ప్రభుత్వమే నేడు తక్కువ మంది పుట్టుచున్నారని భయపడుచున్నది.

ఇది రాష్ట్రపు లెక్క. కలిగిన ఊరిలో ఈ లెక్క ఇంకను ముదురును. ఏలనన, చదివించు స్తోమత గలవారి బిడ్డలు ముందుగా ఊరు విడుతురు. ఇంటికి ఇద్దరు పిల్లలు, ఒకరు హైదరాబాదో బెంగుళూరో, మరియొకరు అమెరికా. ఇంట మిగిలినది తల్లిదండ్రులు. భూమి కౌలుకు ఇచ్చియుందురు. కౌలు ఏటికి ఒకటి రెండు మారులు వచ్చును. గుండెపోటుకు కౌలు వచ్చు మాసము తెలియదు. 2005 లో మొదలైన 108 బండి పిలిచిన వచ్చును, నెల్లూరు చేర్చును. ఆసుపత్రి కౌంటరు వద్ద రొక్కమెవరు కట్టుదురు? ఆస్తి కోటి రూపాయలుండవచ్చును, చేతిలో లక్ష ఉండకపోవచ్చును. కొడుకు అమెరికాలో నిద్రలేచి డబ్బు పంపునంతలో ఇరుగుపొరుగు వారు తలా కొంత సర్దుదురు. ఆ పైన వైద్యము సాగిసాగి నాలుగైదు లక్షలు దాటిన, రెండవ మాసమున ఎకరము బేరమునకు వచ్చును. అవసరమునకు అమ్మువాని పొలము అసలు ధర పలుకదని ఇచ్చటి వారికి వేరుగ చెప్పనేల? తాతలనాటి కయ్య వైద్యమునకు పోవుట తప్పు కాదు, ప్రాణముకంటె పొలమెక్కువ కాదు. కాని ఏటికి కొంత కట్టి నివారింపగల నష్టమును నివారింపకుండుట ఏమి వ్యవసాయము?

బీమా అనగా ఏమో ఒక ఊహాలెక్కతో చెప్పెదను. ఇవి నిజమైన ఊరి అంకెలు కావు, లెక్క సులువుగా ఉండుటకు కల్పించినవి. వేయి మంది గల ఒక ఊరున్నది. అన్ని వయస్సులవారును ఉన్నారు. ఏడాదిలో 40 మంది ఆసుపత్రి పాలైనారు. ఒక్కొక్కరికి లక్ష రూపాయలైనది. మొత్తము 40 లక్షలు. వేయి మందియు పంచుకొన్న తలకు రూ. 4,000. ఇది ఒక పండుగ బట్టల ఖర్చు. ఇప్పుడు ఆ ఊరిలోని పడుచువారందరును వలస పోయి, వేయి మందియు అరువది దాటినవారే మిగిలినారనుకొందము. ఏడాదిలో 150 మంది ఆసుపత్రికి పోవుదురు, వృద్ధుల వైద్యము గనుక తలకు రెండు లక్షలగును. మొత్తము 3 కోట్లు. పంచిన తలకు రూ. 30,000. ఊరు అదే, మనుష్యుల సంఖ్య అదే. వయస్సు మారగానే వాటా ఏడున్నర రెట్లయినది. బీమా కంపెనీ వృద్ధుల వద్ద ఎక్కువ ప్రీమియము అడుగుటలో దురాశ కొంత ఉండవచ్చును గాని, అధికభాగము ఈ లెక్కయే.

ఈ లెక్కనుండి నాకు తోచినది చెప్పెదను. కొందరు మిత్రులు మంచి మనస్సుతో ఒక ఆలోచన చేసినారు. ఊరిలోని కలిగిన కుటుంబములు కలిసి ఒక వైద్యనిధి పెట్టుకొనవలెననియు, చీటీ పాటవలె నడుపుకొనవలెననియు వారి అభిప్రాయము. సహకారమనిన నాకును ప్రీతియే. కాని కలిగినవారు మాత్రమే, అందును వయస్సు ముదిరినవారు మాత్రమే చేరిన నిధి పై లెక్కలోని రెండవ ఊరు వంటిది. మూడు నాలుగు గుండె ఆపరేషనులతో అడుగంటును. చిన్న చెరువు ఎండకు నిలువదు. నిధి నిలువవలెనన్న పడుచువారు చేరవలెను, కూలివారు చేరవలెను, ప్రక్క ఊళ్లు చేరవలెను, జిల్లా చేరవలెను. కర్ణాటకమున 2003 లో యశస్విని అను పథకము సహకార సంఘముల రైతుల కొరకు మొదలైనది. రైతు ఏడాదికి రూ. 60, అనగా నెలకు అయిదు రూపాయలు కట్టిన, ఆపరేషనుల ఖర్చు పథకము భరించెడిది. అంత స్వల్పమైన సొమ్ముతో అది ఎట్లు నడిచినది? ఒక ఊరివారు కాదు, రాష్ట్రమంతటి నుండి లక్షల మంది రైతులు చేరుట చేతను, ప్రభుత్వము చేయి కలుపుట చేతను నడిచినది. 1883 లో జర్మనీ దేశమున బిస్మార్కు ప్రభుత్వము కార్మికులకు నిర్బంధ ఆరోగ్య బీమా పెట్టినప్పుడును సూత్రమిదియే. ఆరోగ్యవంతుడు తప్పించుకొనరాదు, రోగిని వెలివేయరాదు.

కనుక సార్వజనిక పథకము వచ్చుచున్నదనిన కలిగినవారు ముక్కు విరువ పనిలేదు. తమ వంటి ముదిరిన చిన్న సమూహమునకు అంతకంటె లాభకరమైన ఏర్పాటు వేరొకటి లేదు. పేదవానికి మనము చేయు ఉపకారముగా దానిని తలచుచున్నాము. పడుచువాడైన కూలి తన ఆరోగ్యము చేత మన వార్ధక్యమును మోయుచున్నాడనుట గూడ అంతే నిజము.

అంతవరకు సొంతముగా పాలసీ కొనదలచువారికి కొన్ని సంగతులు. నేను ఏ కంపెనీ పేరును చెప్పను, ఏజెంట్లు నన్ను క్షమింతురు గాక.

మొదటిది, జబ్బు రాకముందు కొనవలెను. రొయ్యలకు తెల్లమచ్చ కనబడిన పిదప బీమా ఎవడిచ్చును? పాలసీ కొనునాటికే ఉన్న జబ్బులకు కొంతకాలము పరిహారము ఇయ్యరు. ఆ కాలము నాలుగేండ్లకు మించరాదని మునుపుండెడిది. 2024 ఏప్రిలు నుండి మూడేండ్లకు తగ్గించినారు. 65 ఏండ్లు దాటినవారికి పాలసీ ఇయ్యనక్కరలేదను పాత పరిమితిని కూడ అప్పుడే ఎత్తివేసినారు. 2025 జనవరిలో, 60 దాటినవారి ప్రీమియమును నియంత్రణ సంస్థ అనుమతి లేక ఏటికి నూటికి 10 కంటె పెంచరాదని ఉత్తరువు వచ్చినది. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తులు, కుటుంబములు తీసికొను ఆరోగ్య పాలసీలపై నూటికి 18 చొప్పుననున్న జి.ఎస్‌.టి. పూర్తిగా రద్దయినది.

రెండవది, దాచరాదు. మన ప్రాంతమున చక్కెర వ్యాధిని గూర్చి చెప్పుకొనుటకు ఇప్పటికిని సంకోచింతురు. 2023 లో భారత వైద్య పరిశోధన మండలి సర్వే దేశమున 10 కోట్ల మందికి పైగా మధుమేహ రోగులున్నారని తేల్చినది. పది కోట్ల మందికి ఉన్నది రహస్యమెట్లగును? ఏజెంటు కాగితమున అన్నిటికిని లేదు, లేదు అని గీత గీయుచుండగా మనము కాఫీ త్రాగుచు సంతకము చేయుదుము. మూడేండ్ల తరువాత ఆసుపత్రివారు పాత మందుల చీటీ చూచుదురు, అందు చక్కెర మాత్ర ఉండును, కంపెనీవారు పరిహారము నిరాకరింతురు. నిజము వ్రాసిన ప్రీమియము కొంత పెరుగును, అంతే. అయిదేండ్లు ఎడతెగక పాలసీ నడిచిన పిదప మోసము ఋజువైన సందర్భమున తప్ప, దాచినారని చెప్పి నిరాకరింప వీలు లేదను నియమము ఇప్పుడున్నది. మునుపు ఈ గడువు ఎనిమిదేండ్లు.

మూడవది, గది అద్దె. అయిదు లక్షల పాలసీ అని సంతోషింతుము. లోపల చిన్న అక్షరములలో గది అద్దెకు హద్దు ఉండును. ఆ హద్దు దాటిన గదిలో చేరిన, అద్దె తేడా మాత్రమే గాక డాక్టరు రుసుము, ఆపరేషను ఖర్చు మొదలగునవి కూడ ఆ నిష్పత్తిలో కోయుదురు. ఏ.సి. గది మర్యాదకు పోయి లక్ష పోగొట్టుకొనుట తెలివి కాదు. పాలసీ చేతికి వచ్చిన పిదప 30 దినములలో చదివి, నచ్చనిచో త్రిప్పి పంపవచ్చును. చదువుట కష్టమైన ఇచ్చటికి తెండు. ఇది గ్రంథాలయము, చదువుటకే ఉన్నది. కంపెనీవారితో వివాదము వచ్చి, వారికి వ్రాసినను న్యాయము జరుగనిచో హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ కార్యాలయమునకు అర్జీ పెట్టుకొనవచ్చును. వకీలు అక్కరలేదు, రుసుము లేదు.

మా అబ్బాయి కంపెనీ బీమాలో మేమున్నాము అని కొందరు తల్లిదండ్రులు ధైర్యముగా ఉన్నారు. మంచిదే. ఆ బీమా అబ్బాయి ఉద్యోగమునకు కట్టిన గంట. ఉద్యోగము పోయిన నాడు గంట మూగపోవును. సమూహ పాలసీనుండి అదే కంపెనీవారి సొంత పాలసీకి మారు హక్కు కలదు, కాని గడువులోగా అడుగవలెను. తన ఉద్యోగము పోయిన దిగులులో నాన్నగారి బీమా కొడుకునకు జ్ఞప్తికి రాకపోవచ్చును, మీరే జ్ఞప్తి చేయుడు.

అమెరికాలోని బిడ్డల యొద్దకు పోవువారి సంగతి వేరు. మనుమని పురిటికి ఆరు మాసములు పోవుదురు. అచ్చట అత్యవసర విభాగములో ఒక రాత్రి ఖర్చు ఇచ్చట ఒక పంట ఆదాయమును మింగును. సందర్శకులకు అమ్ము పాలసీలలో అధికభాగము పాత జబ్బులకు సామాన్యముగా వర్తింపవు, హఠాత్తుగా విషమించినప్పుడు కొంత ఇత్తుమని వ్రాసియుండును. ఆ కొంత ఎంతయో విమానమెక్కకముందే చదువుకొనవలెను. మెడికేరు అను వృద్ధుల పథకము 1965 లో అచ్చట చట్టమైనది. అది సందర్శకులకు లేదు. గ్రీన్‌కార్డు పొందిన తల్లిదండ్రులు కూడ 65 ఏండ్లు నిండి, ఎడతెగక అయిదేండ్లు అచ్చట నివసించిన పిదపనే సొమ్ము కట్టి అందు చేరగలరు. అంతటి సంపన్న దేశమున కూడ 2023 లో నూటికి సుమారు 8 మందికి ఏ ఆరోగ్య బీమాయు లేదు. ధనమున్నంత మాత్రమున రక్షణ దానంతట అది రాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

కాని ఆ దేశమున మెచ్చదగినది ఒకటి కలదు. 2008 నుండి వారి జనాభా లెక్కల శాఖ ఏటేటా చేయు సర్వేలో బీమా ప్రశ్నను చేర్చినారు. ఒక చిన్న ఊరి పేరు చెప్పిన, అందు ఏ వయస్సువారు ఎందరు, వారిలో బీమా లేనివారు ఎందరు, ఉన్నవారికి అది ఉద్యోగము వలన వచ్చినదా, ప్రభుత్వము వలన వచ్చినదా, సొంతముగా కొన్నదా అని అచ్చులో చూపగలరు. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడ ఈ ప్రశ్న అడుగును. ఒక్కరికైనను ఏదో ఒక ఆరోగ్య రక్షణ గల కుటుంబములు దేశమున 2015–16 లో నూటికి 29 ఉండగా 2019–21 నాటికి 41 అయినవనియు, ఈ విషయమున మన రాష్ట్రము ముందు వరుసలో ఉన్నదనియు అది చెప్పినది. అది రాష్ట్రములు, జిల్లాల వరకే. విడవలూరు సంగతి అందులో దొరకదు.

బీమా లెక్క ఆసుపత్రి గడప దాటిన తరువాతి లెక్క. ఆ గడప ఎక్కకుండ కాపాడు పని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రముది. కలిగినవారు నెల్లూరు పోవుటకు అలవాటుపడి దానిని మరచినారు, అడుగువారు లేనిచోట మందులుండవు, డాక్టరు ఉండడు. ఈ మండలమునకు ఈ విషయమున ఒక వారసత్వము కలదు. 1913 లో అలగానిపాడున కలిగిన కుటుంబమున పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్యగారిని దేశమంతయు ఎరుగును. ఆయన సోదరులు డాక్టరు రామచంద్రారెడ్డిగారు నెల్లూరులో ప్రజావైద్యశాలను నడిపి, జనుల నోట రామ్‌ డాక్టరుగా నిలిచినారు. వారి రాజకీయములతో ఏకీభవింపనివారును అచ్చట వైద్యము చేయించుకొన్నారు. ఆసుపత్రులకు పోక తప్పించు రక్తపోటు మాత్రలకును, చక్కెర పరీక్షలకును చాల పాలసీలు సొమ్మియ్యవు. దేశమున వైద్య వ్యయములో జనులు తమ జేబునుండి పెట్టుకొనుచున్నది 2013–14 లో నూటికి 64 పాళ్లు, 2021–22 నాటికి 39 పాళ్లు. తగ్గినది నిజమే. మిగిలిన ఆ 39 పాళ్లలో నెలనెల మందుల కొట్టులో కట్టు సొమ్ము పెద్ద భాగము. అది తగ్గవలెనన్న మన ఊరి కేంద్రమున మందులుండవలెను, అవి ఉండవలెనన్న మాట చెల్లునట్టి పెద్దలు కూడ ఆ కేంద్రమునకే పోయి వరుసలో నిలువవలెను.

చివరగా కార్యవర్గమువారికి ఒక మనవి. రజతోత్సవ చిహ్నముగా ఒక శిలాఫలకము వేయుదురని విన్నాను. వేయుడు. దానితోబాటు ఒక లెక్కల పుస్తకము కూడ తెరవుడు. గ్రంథాలయ సభ్యులైన విద్యార్థులు పదిమంది వేసవి సెలవులలో ఇంటింటికి పోయి నాలుగు ప్రశ్నలు అడిగిన చాలును. ఇంట ఎందరు, వయస్సులెంత, ఏ రక్షణ కలదు, డెబ్బది దాటినవారికి కార్డు ఉన్నదా లేదా. పేర్లు వ్రాయనక్కరలేదు, జబ్బులు అడుగరాదు, ఆస్తి అసలే అడుగరాదు. అడిగిన ఒక్కడును నిజము చెప్పడు. యానాది సంఘములకు తప్పక పోవలెను. ఆధారు లేక, బియ్యపు కార్డు లేక, దాని మూలమున ఆరోగ్యశ్రీయు లేక మిగిలిపోయిన యానాది కుటుంబములు ఈ జిల్లాలో ఉన్నవని పత్రికలలో పలుమార్లు చదివినాము. పేదలకందరికిని ఉన్నదని నేను ఇంతకుముందు అన్న మాటకు అది మినహాయింపు, ఆ మినహాయింపు ఎంతయో ఆ పుస్తకమే చెప్పవలెను. లెక్క పూర్తియైన పిదప దాని ప్రతిని సచివాలయమునకును, ఆరోగ్య కేంద్రమునకును ఇచ్చి, ఒక ప్రతిని పత్రికల బల్లపై పెట్టుడు. ఏడాదికొకమారు సరిచూచుకొనుడు.

సమయము మించినదని అధ్యక్షులు గడియారము చూపుచున్నారు. ప్రశ్నలు గలవారు అడుగవచ్చును. పాలసీ కాగితములు వెంట తెచ్చుకొన్నవారు, కళ్లద్దములు కూడ తెచ్చుకొని, సభ ముగిసిన తరువాత పఠన మందిరమునకు రండి. గది అద్దె అను పుట మొదట తెరిచి ఉంచుడు.